నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో ఒకే డాక్యుమెంట్‌లో కలిసి రాయించడం ఎట్ల?

పరకాల వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేసే మేడం అడిగిన ప్రశ్న ఇది. నాలుగు, ఐదు తరగతులు కలిపి 23 మంది పిల్లలు. దాతలు ఇచ్చిన ఆరు ట్యాబులు, ఒక ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ ఉన్నాయి. గూగుల్ డాక్స్‌లో (నెట్ మీద ఒకే పత్రాన్ని పలువురు కలిసి రాసుకునే చోటు) పిల్లలు కలిసి తెలుగు రాసేలా చేయాలని ఉందట. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు, చేతిరాత పాడవుతుందని తల్లిదండ్రులు అంటారేమోనని టెన్షన్‌గా ఉంది అన్నారు.

మేడం, చేయించవచ్చు. నాలుగో తరగతి నుంచి ధైర్యంగా చేయించండి. కానీ మొదటి రాత కాగితం మీదనే జరగాలి, ట్యాబు రెండో రాతకు. వారానికి ఒక్క పీరియడ్ చాలు. ఒక డాక్యుమెంట్‌కు నలుగురికి మించి పిల్లలు వద్దు. ఆ పీరియడ్‌లో ఎక్కువ సమయం టైపింగ్‌కు పోకూడదు. ఒకరు రాసింది ఇంకొకరు చదవడానికి, ప్రశ్న అడగడానికి, దిద్దుకోవడానికి పోవాలి. ఈ నాలుగూ పాటిస్తే చేతిరాతకు ఏ నష్టమూ లేదు. ఇక వివరంగా చెప్తాను.

నేను వరంగల్ జిల్లాలో ఎస్‌జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్‌ని, 19 ఏళ్ల సర్వీసు. 2020 సెప్టెంబర్‌లో టీశాట్, యాదగిరి చానెళ్లలో పాఠాలు మొదలైనప్పుడు పిల్లలు నోట్‌బుక్ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపేవాళ్లు. నేను ఎర్ర గీతలు గీసి తిరిగి పంపేవాణ్ణి. ఒక్కరు కూడా దిద్ది మళ్లీ పంపలేదు. నాకు అప్పుడు తట్టింది, బడి నడిచేటప్పుడు కూడా ఇంతే కదా అని. నోట్‌బుక్‌లో నేను దిద్దినదాన్ని పిల్లలు ఎప్పుడూ మళ్లీ రాయలేదు. నేనూ రాయించలేదు.

మన బడుల్లో "మళ్లీ రాయి" అన్న మాట పిల్లల చెవికి శిక్షలాగా వినపడుతుంది. తప్పు రాస్తే పదిసార్లు రాయమనడం మన చిన్నప్పటి నుంచీ ఉన్నదే. పైగా కాగితం మీద రెండు వాక్యాల మధ్యలో ఇంకో వాక్యం పెట్టాలంటే కొట్టివేతలు, బాణం గుర్తులు తప్పవు. పేజీ ఖరాబైందని పిల్ల బాధపడుతుంది. అందుకని మొదట ఏది రాస్తే అదే ఆఖరు. స్క్రీన్ మీద మాత్రం మధ్యలో వేలు పెట్టి కొత్త వాక్యం రాస్తే పాతది దానంతటదే కిందికి జరుగుతుంది, పేజీ శుభ్రంగానే ఉంటుంది. పిల్లలు దిద్దుకోవడానికి ఒప్పుకుంటారు. నేను ఈ పని పట్టుకొని ఉండడానికి కారణం ఇదొక్కటే. దీనితో పాటు పిల్లలు రాసినదానికి టీచర్ కాకుండా ఇంకో పాఠకుడు దొరుకుతాడు. అది ఎంత పెద్ద సంగతో కింద బతుకమ్మ దగ్గర చెప్తాను.

మొదటిసారి నేను చేసిన తప్పు మీరు చేయవద్దు. 2021 సెప్టెంబర్ 1న బడులు తెరిచాక, ఆ ఏడాదే మా పిల్లలు 19 మందికీ ఒకే డాక్యుమెంట్ ఇచ్చాను. గూగుల్ లెక్కన ఒక డాక్యుమెంట్‌లో ఒకేసారి వంద మంది దాకా పనిచేయవచ్చు. కానీ తొమ్మిదేళ్ల పిల్లలకు ఆ లెక్క పనికిరాదు. ఒకరు రాస్తున్న వాక్యం మధ్యలో ఇంకొకరు పేరు రాసుకున్నారు. ఒక పిల్లవాడు వరుసగా మూడు పేజీల నిండా పువ్వుల బొమ్మలు పెట్టాడు. చివరికి ఎవరో మొత్తం సెలెక్ట్ చేసి డిలీట్ నొక్కారు. రాసిందంతా పోయింది. నాలుగో తరగతి పాప ఒకామె, రెండు రోజులుగా వాళ్ల మేక గురించి రాస్తున్నది, బల్ల మీద తల పెట్టి ఏడ్చింది.

అప్పుడు ఫైల్ మెనూలో వర్షన్ హిస్టరీ తెరిచి ప్రొజెక్టర్ మీద చూపించాను. పది నిమిషాల కిందటి రాత, నిన్నటి రాత, అన్నీ వరుసగా ఉన్నాయి. రీస్టోర్ నొక్కగానే మేక తిరిగి వచ్చింది. ఆ పాప ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. మీరు కూడా మొదటి రోజే పిల్లల ముందు కావాలని ఒక పేరా చెరిపి, తిరిగి తెచ్చి చూపించండి. పోతుందన్న భయం పోతుంది, చెరిపితే ఎవరికీ తెలియదన్న ఆలోచన కూడా పోతుంది.

ఇక క్రమం. మొదటి రెండు వారాలు ట్యాబులు బయటికి తీయకండి. ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ పెట్టి, పిల్లలు చెప్తుంటే మీరు టైప్ చేయండి. "నిన్న వానకు బడి ముందర ఏమైంది?" లాంటి చిన్న విషయం చాలు. వాక్యం రాశాక "దీన్ని ఇంకెక్కడ పెడితే బాగుంటుంది?" అని అడగండి, వాళ్లు చెప్పిన చోటికి జరపండి. రాత జరుగుతుందని, మారుతుందని వాళ్లు కళ్లతో చూడాలి. మూడో తరగతికి అయితే ఏడాదంతా ఇదే చాలు, ట్యాబు చేతికి ఇవ్వనవసరం లేదు.

మూడో వారం నుంచి జట్లు. మీకు ఆరు ట్యాబులు, 23 మంది కాబట్టి నలుగురికి ఒక ట్యాబు వస్తుంది, ఒక జట్టులో ముగ్గురు. మా దగ్గర జట్లకు పాలపిట్ట, తంగేడు, జమ్మి, జింక, పాకాల, లక్నవరం అని పేర్లు పెట్టుకున్నాం. ఒక్కో జట్టుకు ఒక్కో డాక్యుమెంట్. జట్టులో ఒకరు టైప్ చేస్తారు, ఒకరు కాగితం చూసి చదువుతారు, మిగతావాళ్లు స్క్రీన్ మీద తప్పులు చూస్తారు. పది నిమిషాలకు ఒకసారి మారాలి. మారడం దగ్గర మీరు గట్టిగా ఉండండి. లేకపోతే ఇంట్లో స్మార్ట్‌ఫోన్ అలవాటున్న పిల్లవాడే ట్యాబును పట్టుకొని కూర్చుంటాడు. ఎవరు రాసిన వాక్యాలు వాళ్ల రంగులో ఉండాలని చెప్పండి. ఆఖరున అన్నీ నలుపు చేసుకోవచ్చు.

కామెంట్, అంటే డాక్యుమెంట్‌లో ఒక వాక్యం పక్కన పెట్టే చిన్న మాట, రాయడం విడిగా నేర్పాలి. అసలు పని ఇదే. ఊరికే వదిలేస్తే పిల్లలు "సూపర్", "బాగుంది" అంటారు, లేకపోతే "తప్పు" అంటారు. మూడూ పనికిరావు. మా తరగతిలో కామెంట్ అంటే ప్రశ్నే. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎట్ల, ఈ ఐదింటిలో ఒకటి అందులో ఉండాలి. ఒక జట్టు ఇంకో జట్టు రాతకు రెండే కామెంట్లు పెట్టాలి. అక్షర దోషాలు మొదటి వారం ఎత్తకూడదు. వాటికి ఆఖరి రోజు ఉంది.

ఒక ఉదాహరణ చూడండి. దసరా సెలవుల తర్వాత తంగేడు జట్టు రాసిన మొదటి రాత ఇది:

"మేము బతుకమ్మ పేర్చినం. తంగేడు పూలు, గునుగు పూలు తెచ్చినం. అందరం ఆడినం. చాలా బాగుంది."

మన పరీక్షల లెక్కన దీంట్లో తప్పేమీ లేదు, మార్కులు వేసేస్తాం. కానీ జమ్మి జట్టులో ఒక పిల్లవాడు దానికి కామెంట్ పెట్టాడు: "గునుగు తెల్లగ ఉంటది కదా, మీ బతుకమ్మల ఎర్రగ ఎట్లున్నది?" వాడు ఆ బతుకమ్మను చెరువు కట్ట దగ్గర చూశాడు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. వారం తర్వాత అదే చోట ఇది ఉంది:

"గునుగు పూలను పిడికెడు పిడికెడు కట్టలు కట్టినం. కొసలు కత్తెరతోని సమానంగ కోసినం. మా పెద్దమ్మ గిన్నెల రంగు కలిపింది. కట్టలను తలకిందులుగ ముంచి అరుగు మీద ఆరబెట్టినం. నా వేళ్లు మూడు రోజులు ఎర్రగనే ఉన్నయి. అన్నం తినేటప్పుడు మా నాయిన చూసి నవ్విండు."

"వివరంగా రాయండి" అని నేను ఏళ్ల తరబడి చెప్పాను. ఆ మాట వల్ల ఒక్క వాక్యం కూడా పెరగలేదు. తోటి పిల్లవాడు అడిగిన ఒక్క ప్రశ్నకు ఆరు వాక్యాలు వచ్చాయి. టీచర్‌కు అన్నీ తెలుసు కాబట్టి టీచర్‌కు చెప్పేదేమీ లేదని పిల్లలు అనుకుంటారు. తెలియనివాడు అడిగితేనే చెప్తారు. అదే కామెంట్‌ను నోటితో అడిగితే నోటితోనే జవాబు చెప్పి ఊరుకునేవాళ్లు. వాక్యం పక్కన రాసి ఉంటే జవాబు కూడా రాతలోకి వస్తుంది.

ఇప్పుడు టైపింగ్. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, కానీ నాకు ఎక్కువ లాభం కనపడిందీ ఇక్కడే. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే కీబోర్డు పిల్లలకు ఇవ్వకండి. మనకు అది సులువు. కానీ అందులో ల, ళ తేడా, న, ణ తేడా కీబోర్డే ఊహిస్తుంది. "కళ్లు" రాయాలనుకున్న పిల్లకు "కల్లు" చూపిస్తే అదే నొక్కుతుంది. నేర్చుకోవలసిన వయసులో ఆ నిర్ణయం పిల్ల చేతిలో ఉండాలి. ట్యాబులో తెలుగు అక్షరాలు నేరుగా కనపడే కీబోర్డు పెట్టండి. ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్క్రిప్ట్ (ఒక్కో మీటకు ఒక్కో తెలుగు అక్షరం ఉండే కీబోర్డు) పెట్టండి. కీబోర్డు సెట్టింగ్స్‌లోకి వెళ్లి సజెషన్లు ఆపేయండి. లేకపోతే రెండు అక్షరాలు కొట్టి, పైన వచ్చిన మాటల్లో ఏదో ఒకటి నొక్కేస్తారు.

అట్ల టైప్ చేస్తే ఏమవుతుందంటే, ఒత్తు ఎట్ల పుడుతుందో పిల్లల కళ్ల ముందు కనపడుతుంది. మన పిల్లల్లో "పుస్తకం"ను "పుత్సకం" అని రాసేవాళ్లు ప్రతి తరగతిలో ఉంటారు. కాగితం మీద ఒత్తు అంటే అక్షరం కింద వేసే బొమ్మ, ఏ అక్షరం కింద ఏది వేయాలో తికమక. కీబోర్డు మీద మాత్రం స కొట్టి, పొల్లు కొట్టి, త కొట్టాలి. పొల్లు కొట్టగానే స్క్రీన్ మీద "స్" అని ఆగుతుంది. అప్పుడు పిల్ల నోటితో "పు, స్" అని అనుకొని, తర్వాత వచ్చే శబ్దం "త" అని వెతుక్కుంటుంది. ఇక తారుమారు చేయాలన్నా కుదరదు.

ఇంకొకటి. ప్రొజెక్టర్ మీద "లక్ష్మి" అని పెద్దగా రాసి బ్యాక్‌స్పేస్ ఒక్కొక్కసారి నొక్కండి. ముందు గుడి పోయి "లక్ష్మ" మిగులుతుంది. తర్వాత "లక్ష్". తర్వాత "లక్ష". మళ్లీ నొక్కితే "లక్". మళ్లీ నొక్కితే "లక". మా తరగతిలో ఇది చూపించిన రోజు పిల్లలు వాళ్ల పేర్లన్నీ ఇట్లనే విడగొట్టమన్నారు, ఆ పీరియడ్ దానికే సరిపోయింది. సంయుక్తాక్షరాల గురించి అంతకు ముందు నేను చెప్పిన పాఠాల్లో ఏదీ ఇంత బాగా ఎక్కలేదు.

అస్సలు రాయలేని పిల్లలు మీకూ ఉంటారు. మా దగ్గర ఐదో తరగతిలో ఒక అబ్బాయి, మాటల్లో దిట్ట, రాతలో రెండు పదాలు దాటడు. మేడారం పోయివచ్చి, దారిలో తప్పిపోయిన సంగతి అందరికీ చెప్తున్నాడు. వాణ్ణి వరండాలోకి తీసుకుపోయి, కీబోర్డులో మైక్ గుర్తు నొక్కి, చెప్పమన్నాను. తెలుగులో వాయిస్ టైపింగ్ పనిచేస్తుంది. తన మాటలు అక్షరాలుగా పడుతుంటే వాడు చెప్పడం ఆపి చూస్తూ నిలబడ్డాడు. "సార్, ఇవన్నీ నేనన్నవేనా?" అన్నాడు.

కానీ అక్కడితో వదిలేస్తే అది రాత నేర్పడం కాదు. వచ్చిన రాతలో ఎక్కడా చుక్క ఉండదు, మాటలు కొన్ని తప్పుగా పడతాయి, మన ఊరి మాటలు అయితే మరీ. "జంపన్న వాగు కాడ" అన్నది ఇంకేదో అయింది. వాడి పని ఏమిటంటే, దాన్ని చదివి చుక్కలు పెట్టడం, తప్పు పడ్డ మాటలు సరిచేయడం. సొంత మాటలు కాబట్టి ఓపికగా చదివాడు. రెండు వారాలు పట్టింది. ఆ తర్వాత కాగితం మీద ఐదారు వాక్యాలు తనే రాయడం మొదలుపెట్టాడు. అందరికీ ఇట్ల అవుతుందని నేను చెప్పను. ఇద్దరు ముగ్గురికి వాయిస్ అలవాటై, రాయడం మానుకున్నారు కూడా. అందుకే ఒక్కో పిల్లవాడికి నెలకు ఒకసారి మించి ఇవ్వను. తరగతి గదిలో గోలకు మైక్ పనిచేయదు, వరండాయే నయం.

భాష గురించి ఒక మాట, ఇది నాకు చాలా ముఖ్యం. పిల్లలు కామెంట్లు పెట్టడం నేర్చుకోగానే ఒకరి భాషను ఒకరు దిద్దడం మొదలుపెడతారు. "పోయిండు కాదు, వెళ్లాడు అని రాయాలి" అని ఒక పాప పెట్టింది. దాన్ని నేను అక్కడే ఆపాను. సెప్టెంబర్ 9న కాళోజీ జయంతిని తెలంగాణ భాషా దినోత్సవంగా మన బడుల్లోనే జరుపుకుంటాం. ఆయన పెరిగిన మడికొండ మనకు ఎంత దూరం? ఆ రోజు ఉపన్యాసం ఇచ్చి, మర్నాడు పిల్ల రాసిన "మా నాయిన నవ్విండు" మీద ఎర్ర గీత గీస్తే పిల్లలు దేన్ని నమ్మాలి? నేను పెట్టిన పద్ధతి ఏమిటంటే, సొంత అనుభవం, మనుషుల మాటలు ఇంటి భాషలో ఉండవచ్చు. ప్రధానోపాధ్యాయులకు లేఖ, పరిసరాల విజ్ఞానం ప్రాజెక్టు పుస్తకంలో ఉన్న భాషలో రాయాలి. ఒకే సంగతిని రెండు రకాలుగా రాయించి పక్కపక్కన పెట్టండి, డాక్యుమెంట్‌లో ఇది చాలా సులువు. ఎక్కడ ఏది బాగుంటుందో పిల్లలే చెప్తారు.

అకౌంట్ల విషయంలో జాగ్రత్త. 13 ఏళ్ల లోపు పిల్లలు సొంతంగా గూగుల్ అకౌంట్ పెట్టుకోకూడదు. వయసు తప్పు వేసి అకౌంట్లు చేయించకండి. మీ సొంత జీమెయిల్ ట్యాబుల్లో పెట్టకండి, మీ ఉత్తరాలు, ఫొటోలు అన్నీ పిల్లల చేతిలో ఉంటాయి. బడి పని కోసం మీ పేరుతో, మీ వయసుతో విడిగా ఒక అకౌంట్ తెరిచి, అందులో ఈ రాతలు తప్ప ఇంకేమీ ఉంచకండి. దీనితో ఒక లోటు ఉంది, ఏ ట్యాబులో రాసినా ఒకే పేరు కనపడుతుంది. అందుకే రంగులు, కామెంట్ చివర జట్టు పేరు. విద్యాసంస్థలకు గూగుల్ ఉచితంగా ఇచ్చే వర్క్‌స్పేస్ ఉంది, కానీ దానికి సొంత డొమైన్ (సంస్థ పేరుతో నెట్ చిరునామా), సంస్థ రుజువులు కావాలి. ఒక్క బడితో అయ్యే పని కాదు, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో ఎత్తి చూడండి. లింక్ ఉన్నవాళ్లెవరైనా దిద్దవచ్చు అనే షేరింగ్ పెడితే పీరియడ్ అయిపోగానే తీసేయండి. ఇంటి పేరు, ఫోన్ నంబర్, ఫొటో రాతల్లో పెట్టనివ్వకండి. 2023 నాటి డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. అందుకని ఏడాది మొదట్లో తల్లిదండ్రుల సమావేశంలో చూపించి, సంతకాలు తీసుకోవడం మంచిది.

ఆ సమావేశంలోనే చేతిరాత ప్రశ్న కూడా వస్తుంది. మాటలతో చెప్పకండి, నోట్‌బుక్ చూపించండి. మా పద్ధతిలో మొదటి రాత నోట్‌బుక్‌లో ఉంటుంది. స్క్రీన్ మీద దిద్దుకున్న తర్వాత ఆఖరి రూపాన్ని మళ్లీ చేతితో, అందంగా రాసి గోడపత్రికలో పెడతారు. అంటే ఒకే సంగతిని రెండుసార్లు చేతితో రాస్తున్నారు, రెండోసారి ఇష్టంతో రాస్తున్నారు. పరీక్షలు ఎట్లాగూ చేతితోనే. ఫార్మేటివ్‌లో, అంటే ఏడాది మధ్యలో జరిగే మూల్యాంకనంలో, మనకు ప్రాజెక్టు పనులు ఉన్నాయి కదా, జట్టు రాతను అక్కడ చూపించవచ్చు. రాత అంశాల కింద మాత్రం ఎవరి నోట్‌బుక్ వాళ్లదే చూడండి, జట్టు రాతకు నలుగురికీ ఒకే మార్కు వేస్తే పని చేయని పిల్లవాడు దాక్కుంటాడు.

నెట్ గురించి అడగలేదు కానీ చెప్పాలి. మా బడిలో నా ఫోన్ హాట్‌స్పాట్‌తోనే నడుస్తుంది. రాత మాత్రమే కాబట్టి డేటా పెద్దగా ఖర్చు కాదు, ఫొటోలు పెట్టనివ్వకపోతే చాలు. ఆ రోజు వాడే డాక్యుమెంట్లను ముందే ఆఫ్‌లైన్‌లో అందుబాటులో ఉండేలా పెట్టుకోండి, నెట్ పోయినా రాసింది పోదు, వచ్చాక కలుస్తుంది. వానాకాలం మబ్బు పట్టిన రోజు మాత్రం నేను ట్యాబులు తీయను. ఆ రోజు జట్లు నోట్‌బుక్‌లు మార్చుకొని, చిన్న చీటీల మీద ప్రశ్నలు రాసి అంటిస్తాయి.

మీ మొదటి విషయానికి నా సలహా, ఇప్పుడు పొలాల్లో ఏ పని నడుస్తుంటే అది. పత్తి ఏరడమో, మిరప నాటడమో. పిల్లలందరికీ తెలిసిన పని, కానీ ఒక్కో ఇంట్లో ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. మీ ట్యాబుల్లో ఏ కీబోర్డు ఉందో ఇక్కడ రాయండి. ఇన్‌స్క్రిప్ట్ మీటల పట్టిక పిల్లల కోసం పెద్ద అక్షరాలతో తయారు చేసింది నా దగ్గర ఉంది, పంపిస్తాను.